రాయమల్లు గెలిపించిన లీగు

ఆ యేడు వానకాలం బెల్లంపల్లి చుట్టుపక్కల ఏ ఇద్దరు కలిసినా వానల గురించి మాట్లాడుకోలేదు, ధరల గురించి మాట్లాడుకోలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అయిదేళ్ళయింది కదా, దానివల్ల మనకు ఒరిగిందేమిటని నిట్టూర్చే అలవాటును కూడా కొన్నాళ్ళు అటకెక్కించారు. అందరి నోటా ఒకటే ప్రశ్న. నిరుడు కింది లీగు గెలిచి మీది లీగుకెక్కిన వాగొడ్డు బాయి జట్టు, ఎక్కిన యేడే మీది లీగు కూడా గెలుస్తుందా?

బాయి అంటే అక్కడ బొగ్గుగని. ప్రతి బాయికీ ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. పెద్ద బాయిల జట్లు మీది లీగులో, చిన్న బాయిల జట్లు కింది లీగులో ఆడేవి. వాగొడ్డు బాయి ఎంత చిన్నదంటే, దానికి జట్టు ఉందన్న సంగతి ఆ గెలిచిన రోజు దాకా దాని మేనేజరుకే సరిగా తెలియదు. తెలిసిన మర్నాటినుంచి ఆయనకు నిద్ర పట్టలేదు. ఆఫీసర్ల క్లబ్బులో, అక్కడ అన్నిటికంటే పెద్ద గని అయిన పెద్దబాయి మేనేజరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే హక్కు తనకిప్పుడు వచ్చిందనుకున్నాడు.

క్షవరం చేసేవాడు గడ్డం సగం గీసి, కత్తి ఆపి, తన అభిప్రాయం చెప్పేవాడు. కల్లు కంపౌండులో రెండు సీసాలు తాగినవాడు గెలుస్తుందనేవాడు, మూడు తాగినవాడు ఇప్పటికే గెలిచిందనేవాడు. అందరికీ అది పొద్దు గడిచే మాట. నిజంగా ఆ ప్రశ్నకు జవాబు కావలసింది ఒక్కడికే. వాడు బొగ్గు నింపే ఫిల్లర్ రాయమల్లు. బంతిని ఎటు తంతే గోలవుతుందో కూడా వాడికి తెలియదు.

రాయమల్లుది చెన్నూరు పక్క పల్లె. రజాకార్ల గడబిడలో నాలుగు రోజులు తల దాచుకుందామని బాయికి వచ్చి, తల నెరవడం మొదలైనా తిరిగి పోనివాడు. పేల్చిన బొగ్గును పారతో తట్టకెత్తి, ఆ తట్టను మోసుకుపోయి పట్టాల మీది ఇనుప టబ్బులో పోయడం వాడి పని. అది ఒంటిమనిషి పని కాదు, జోడీ పని. ఒకడు పార పడతాడు, ఇంకొకడు తట్ట మోస్తాడు. అన్నిటికంటే ముఖ్యం, నిండిన తట్టను నెత్తికెత్తడానికి ఇద్దరి చేతులు కావాలి. నింపవలసిన టబ్బులు కూడా జోడీకి కలిపే చెబుతారు. తక్కువ పడితే ఇద్దరికీ తిట్లే.

రాయమల్లు జోడీ ముత్యం. వయసులో చిన్నవాడు, చూపుకు ఎద్దు, మనసుకు దూడ. వాళ్ళిద్దరికీ బాయి కింద మాటలతో పనుండేది కాదు. రాయమల్లు పార ఆపగానే ముత్యం వంగేవాడు, ముత్యం ఊపిరి పీల్చగానే రాయమల్లు ఎత్తేవాడు. షిఫ్టు అయ్యాక కూడా ఒకే బీడీ ఇద్దరూ కాల్చుకుంటూ ఇంటికి వచ్చేవాళ్ళు.

"లగ్గం నన్ను జేస్కున్నవు గని, సంసారం ముత్యంతోనే జేస్తున్నవ్," అనేది రాయమల్లు భార్య కొమురవ్వ. అందులో కోపం కంటే నిజమే ఎక్కువ.

ఆ సంసారాన్ని చెడగొట్టింది కొమురవ్వ సొంత తమ్ముడే. వాడి పేరు హనుమండ్లు. చెన్నూరు గోదావరి ఇసుకలో గుడ్డల బంతిని తంతూ పెరిగినవాడు. బాయి వెల్ఫేర్ ఆఫీసరు రామచంద్రం ఏదో పని మీద అటు పోయి వాడి ఆట చూశాడు. రామచంద్రం కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన మనిషి. ఆయనకు బొగ్గంటే రైలింజనులో పడేది అని మాత్రమే తెలుసు గానీ, సెంటర్ ఫార్వర్డును చూస్తే గుర్తుపడతాడు. అన్ని బాయిల్లోనూ ఉన్న ఆచారమే హనుమండ్లుకూ వర్తించింది. బొగ్గు మొహం చూడనివాడు బొగ్గు ఫిల్లరుగా మస్టరు అనే హాజరు పట్టీలోకెక్కాడు. మస్టరు కింద, మనిషి మైదానంలో.

మస్టర్లోకెక్కినవాడికి జోడీ కావాలి కదా. "బావ ఉండగా వేరేవాడెందుకు?" అన్నాడు రామచంద్రం. ముత్యాన్ని మందమర్రి బాయికి బదిలీ చేశారు.

పోయే ముందు ముత్యం గుమ్మం దగ్గర నిలబడి, "అన్నా, ఇగ నీకు తట్ట ఎవ్వలెత్తుతరే?" అన్నాడు.

"హనుమండ్లు లేడారా?" అన్నాడు రాయమల్లు.

హనుమండ్లు మొదటి వారం కిందికి దిగాడు, తట్టలు ఎత్తాడు. ఆ తర్వాత కాలు బెణుకుతుందని రోజూ దిగవద్దన్నారు. వాడు దిగని రోజుల్లో రాయమల్లు ఒక్కడే పార పట్టి, ఒక్కడే తట్ట నింపి, ఎత్తేవాడు లేక దానివైపు చూస్తూ నిలబడేవాడు. చూస్తే తట్ట లేవదు కనుక చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. బొగ్గు పెళ్ళలను మోకాళ్ళెత్తు పేర్చి, దాని మీద తట్ట పెట్టి నింపేవాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, తట్టను మెల్లగా నెత్తి మీదికి జరుపుకొని, గోడకు ఒక చెయ్యి ఆనించి లేచేవాడు. లేచిన ప్రతిసారీ మెడ నరం ఒకటి తీగలా లాగేది.

ఇంటికి వస్తే బావమరిది ఉడికించిన గుడ్లు తింటూ కనిపించేవాడు.

"బంతాడేటోనికి బలం గావాలె," అనేది కొమురవ్వ.

"బొగ్గు నింపేటోనికి?"

"నువ్వు నింపుతవ్, వాడు దన్నుతడు. దన్నుడు కష్టమా, నింపుడు కష్టమా?"

తంతే తెలుస్తుందనుకున్నాడు గానీ, రాయమల్లు పైకి అనలేదు. భార్య తమ్ముణ్ణి తంతే ఇల్లే మీది లీగవుతుంది.

కింది లీగులో ఉన్నన్నాళ్ళు ఆటలు ఆదివారాలకే ఉండేవి. కనుక హనుమండ్లు అప్పుడప్పుడైనా కిందికి దిగి రాయమల్లు పక్కన నిలబడేవాడు. మీది లీగుకెక్కాక రోజూ పొద్దున ప్రాక్టీసు, సాయంత్రం ప్రాక్టీసు, మధ్యాహ్నం కాళ్ళకు నూనె మర్దన. అందుకే రాయమల్లు దేవునికి దండం పెట్టుకున్నాడు. ఈ జట్టు అన్ని ఆటలూ ఓడి, ఎక్కడినుంచి ఎక్కిందో అక్కడికే దిగాలి. అప్పుడే తనకు అర మనిషి సాయమన్నా దొరుకుతుంది. ఊరంతా గెలుస్తుందా అని అడుగుతుంటే వాడు ఓడుతుందా అని అడిగేవాడు. ఆ గొంతులోని ఆరాటం చూసి, వీడికి జట్టు మీద ఎంత పిచ్చి అనుకునేవాళ్ళు జనం.

మొదటి ఆటకు మేనేజరు జట్టంతటికీ బూట్లు కొనిపించాడు. మీది లీగు మర్యాద అది. పుట్టాక చెప్పులెరుగని పదకొండుమంది, కొత్త కోడళ్ళలా అడుగులో అడుగేస్తూ మైదానంలోకి దిగారు. బంతి ఒక దిక్కు పోతే బూటు ఒక దిక్కు పోయింది. అయిదు గోల్స్ తేడాతో ఓడారు. జీవితంలో మొదటిసారి ఫుట్‌బాల్ చూసిన రాయమల్లుకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

పక్కనున్నవాళ్ళు వాడి భుజం తట్టారు. "ఊకో రాయమల్లూ, ఇంక శాన ఆటలున్నయ్. గింత దానికే ఏడుస్తరా?"

రెండో ఆట రోజున కుండపోత వాన. సగం ఆట అయ్యేసరికి మైదానం మడికట్టయింది. హనుమండ్లు గట్టుకు వచ్చి, బూట్లు పీకి అవతల పారేయబోయాడు. రాయమల్లు పరుగెత్తుకుంటూ పోయి అడ్డం నిలబడ్డాడు.

"బూట్లు ఇడువకు బామ్మర్దీ! మనం మీది లీగోల్లం. ఇజ్జత్ పోతది!"

"గా ఇజ్జత్ నువ్వే తొడుక్కో బావా," అని హనుమండ్లు ఆ బూట్లను వాడి చేతుల్లో పెట్టి, బురదలోకి ఉరికాడు. అతన్ని చూసి మిగతా పదిమందీ బూట్లు విప్పారు. చిన్నప్పటి నుంచి నాట్లు వేసిన కాళ్ళు, గోదావరి ఒండ్రులో నానిన కాళ్ళు. ఎదుటి జట్టు బూట్లు బురదలో కూరుకుపోతుంటే వీళ్ళు చేపల్లా జారిపోయారు. బావమరిది బూట్లు చేత పట్టుకుని నిలబడిన రాయమల్లు కళ్ళ ముందే మూడు గోల్స్ పడ్డాయి.

ఆ యేడు వాన కూడా పగబట్టినట్టే పడింది. వాగొడ్డు బాయి ఒకదాని తర్వాత ఒకటి గెలుచుకుంటూ పోయింది. ఓడిన జట్లు మైదానం బాగాలేదన్నాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నారు మనవాళ్ళు. రాయమల్లు మాత్రం లెక్క చూసుకున్నాడు. జట్టు ఇక కిందికి దిగదు. మీది లీగులోనే ఉంటే వచ్చే యేడూ ఇదే ప్రాక్టీసు, ఇదే నూనె మర్దన, ఇదే మెడ. వాడి బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది.

హనుమండ్లు లాగే ఫిల్లర్లుగా మస్టర్లో ఉన్న ఆటగాళ్ళు మైదానంలో ఉంటే, వాళ్ళ జోడీలు, రాయమల్లుతో కలిపి పదకొండుమందీ, కింద ఒంటరిగా ఈడుస్తున్నారు. అందరికీ రాయమల్లు ఉపాయం తెలియదు. తట్టలు సగం సగం నింపి మోసేవాళ్ళు. బొగ్గు తగ్గింది. పైవాళ్ళు మేనేజరును మందలించారట. అప్పుడు రామచంద్రం ఆ పదకొండుమంది జోడీలనూ తన ఆఫీసు వరండాలో కూర్చోబెట్టి, తలొక కప్పు చాయ్ పోయించాడు. కంపెనీ చాయ్ పోయించిందంటే ఏదో అడగబోతోందని అర్థం. ఆ సంగతి వాళ్ళకు తాగడం అయ్యాక తట్టింది.

"మీరూ ఆటగాళ్ళేనయ్యా," అన్నాడు రామచంద్రం. "వాళ్ళు నేల మీద ఆడుతున్నారు, మీరు నేల కింద ఆడుతున్నారు. లీగు అయ్యేదాకా బొగ్గు తగ్గకుండా చూడండి. జట్టు గెలిచిందో, ఆటగాళ్ళందరికీ పైనే పర్మనెంటు పని ఇచ్చేస్తాం. ఇక వాళ్ళ పేరు మీ జోడీలో ఉండదు. మీకు మీరు కోరుకున్న జోడీ వస్తాడు. మేనేజరుగారి మాట ఇది."

రాయమల్లు కప్పు కింద పెట్టాడు. "కోరుకున్నోన్నే ఇస్తరా సారూ?"

"కోరుకున్నవాణ్ణే."

"వాడు మందమర్రిల ఉంటే?"

"మదరాసులో ఉన్నా తెప్పిస్తాం."

ఆ సాయంత్రం నుంచి రాయమల్లు వేరే మనిషి. పొద్దున లేస్తూనే హనుమండ్లు కాళ్ళు ముట్టి చూసేవాడు, జ్వరం లేదు కదా అని. భార్య గుడ్డు ఒకటి ఉడికిస్తే, "రెండు బెట్టరాదే," అనేవాడు. కొమురవ్వ భయపడి, భర్తకు ఎవరైనా ఏమైనా పెట్టారేమోనని నిమ్మకాయ దిగదుడిచింది. దేవునికి కూడా పాత దండం రద్దు చేసి కొత్త దండం పెట్టుకున్నాడు. దేవుడు ఏ దండాన్ని లెక్కలోకి తీసుకున్నాడో తెలియక కొన్నాళ్ళు పరేషాన్ అయ్యాడు.

అంతటితో ఊరుకుంటే కథే లేదు. మిగతా పదిమందినీ పోగుచేసి, తన ఉపాయాన్ని నేర్పించాడు. పెళ్ళలు ఎంత ఎత్తు పేర్చాలి, మోకాలు ఎక్కడ ఆనించాలి, తట్ట అంచు ఏ చేత్తో పట్టాలి, గోడ మీద ఏ చెయ్యి పెట్టాలి, ఒక్కొక్కరి పక్కన నిలబడి తట్ట లేచేదాకా చూపించాడు. అందులో సిద్దిరాములు అనే పెద్దమనిషి మొదటి రోజు తట్టతో సహా వెల్లకిలా పడ్డాడు. "నాతోని గాదురా," అన్నాడు.

"మామా, నాలుగు వారాలు. నాలుగు వారాలే," అని బతిమాలాడు రాయమల్లు. "లీగు గెలిస్తే నీ జోడీ నీకొస్తడు, నా ముత్యం నాకొస్తడు."

సిద్దిరాములు లేచాడు, నేర్చుకున్నాడు. పదకొండుమందీ నేర్చుకున్నారు. బొగ్గు తగ్గడం ఆగింది, తర్వాత పెరిగింది. బాయిలో అజమాయిషీ చేసే సర్దార్ భూమన్న ఒకరోజు లాంతరు ఎత్తి పట్టి రాయమల్లు పనిని చాలాసేపు చూశాడు.

"అరె వారీ! ఇద్దరు నింపినన్ని నింపినవ్ గదరా ఒక్కనివే!"

"అంత మీ దయ," అన్నాడు రాయమల్లు. పొగడ్త వాడికి కొత్త. ఆ సంబరంలో ఇంకొక టబ్బు ఎక్కువ నింపాడు.

దసరాకు ముందు చివరి ఆట, పెద్దబాయి మీద. ఎవరు గెలిస్తే లీగు వాళ్ళది. బతుకమ్మ పువ్వులు కోయడానికి పోయిన ఆడవాళ్ళు కూడా గంపలతో మైదానం గట్టుకే చేరారు. వానలు వెనక్కిపోయి నేల గట్టిపడింది. బురద లేకపోతే వాగొడ్డు బాయి పని అయిపోయినట్టేనని మూడు సీసాలవాళ్ళు కూడా మాట మార్చారు. ఆట ముగియబోతున్నా గోలు లేదు. రాయమల్లుకు ఆట అప్పటికీ సగమే అర్థమవుతోంది గానీ, బంతి మనవాళ్ళ కాళ్ళకు దూరమైనప్పుడల్లా ముత్యం మందమర్రి వైపు ఒక అడుగు వెనక్కి వేస్తున్నట్టే అనిపించింది.

అప్పుడు హనుమండ్లు ఇద్దరి మధ్యనుంచి దూరి, పడబోతూ, పడుతూనే తన్నాడు. బంతి గుంజకు తగిలి లోపల పడింది. రాయమల్లు ఏం చేశాడో వాడికే తెలియదు. చూసినవాళ్ళు చెప్పిందేమంటే, ఉరికి పోయి, రెఫరీ విజిల్ వేస్తున్నా ఆగక, బావమరిదిని ఒక్కడే నెత్తి మీదికి ఎత్తుకున్నాడట. మోకాళ్ళ మీద కూర్చుని, జరుపుకొని, లేచాడట. బతుకులో అంత సంతోషం వాడికి తన పెళ్ళినాడు కూడా కలగలేదు. వాడు ఆ రాత్రంతా ముత్యం పేరు తలుచుకుంటూ తాగాడు, ముత్యం పేరు తలుచుకుంటూ ఏడ్చాడు.

మర్నాడు డప్పులు, దండలు, లడ్డూలు. మేనేజరు ఉపన్యాసంలో పైన ఆడిన పదకొండుమందినీ, కింద ఆడిన పదకొండుమందినీ పొగిడాడు. రాయమల్లు మెడలో కూడా ఒక బంతిపూల దండ పడింది. మెడ నొప్పితో ఉంది కనుక, దండను సరిచేసుకోలేక అలాగే నిలబడ్డాడు. చెప్పిన మాట ప్రకారం హనుమండ్లును బాయి దీపాలిచ్చే గదిలో పనికి పెట్టారు. తెల్ల చొక్కా తొడుక్కుని, బావకే దీపం అందించాడు.

పండుగ అయ్యాక రాయమల్లు రామచంద్రం ఆఫీసు వరండా ఎక్కాడు. ఈసారి చాయ్ రాలేదు.

"సారూ, నా జోడీ. ముత్యం. మందమర్రి బాయిల ఉన్నడు."

రామచంద్రం ఒక నిమిషం నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "జోడీయా? ఇంకా ఎందుకయ్యా జోడీ?"

"తట్ట ఎత్తుటానికి సారూ."

"నువ్వొక్కడివే ఎత్తావుగా ఇన్నాళ్ళూ! పదకొండుమందీ ఎత్తారు. బొగ్గు తగ్గకపోగా పెరిగింది. పైనుంచి మేనేజరుగారికి మెప్పు వచ్చింది. ఇక ఫిల్లరు పనికి జోడీలు వద్దన్నారు, బాయి మొత్తానికీ. ఈ ఘనత మీదేనయ్యా," అని, అభినందిస్తున్నట్టుగా చెయ్యి చాచాడు. రాయమల్లు ఆ చేతిలో చెయ్యి పెట్టాడు. పెద్దమనిషి చాచిన చేతిని ఏం చేయాలో వాడికి ఇంకే దారీ తెలియదు.

బాయిలో ఫిల్లర్లందరూ వాడితో మాట్లాడటం మానేశారు. సిద్దిరాములు మాత్రం ఎదురైతే, "నాలుగు వారాలన్నవ్ గదరా," అని పోయేవాడు. కల్లు కంపౌండులో వాడు కూర్చున్న బల్ల ఖాళీ అయ్యేది. కొమురవ్వ తమ్ముడికి గుడ్డు తగ్గించి భర్తకు ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. అడగకుండా వచ్చిన ఆ గుడ్డును చూస్తే వాడికి భయమేసేది.

దీపావళి దాటిన ఒక ఆదివారం ముత్యం వచ్చాడు. రాయమల్లు ఎదురుపోయి, కావలించుకోబోయి ఆగాడు. ముత్యం మెడ ఒక పక్కకు పట్టేసి ఉంది. పలకరిస్తే మనిషంతా తిరుగుతున్నాడు.

"ఏమాయెరా తమ్మీ?"

"ఏం జెప్పాల్నే అన్నా. మా బాయిల గూడ జోడీలు తీసేసిన్రు. మీ దిక్కు ఎవడో ఒక్కడే తట్ట ఎత్తుకునుడు కనిపెట్టిండట. పెళ్ళలు పేర్చి, మోకాళ్ళ మీద కూసోని, గోడకు చెయ్యానిచ్చి లేసుడట. సర్దార్లు మాకు గదే నేర్పుతున్నరు." కొమురవ్వ పెట్టిన కంచం ముందు కూర్చుని ముద్ద కలిపాడు. "వాడెవడో నాకు దొరుకాలె. వాని మెడ మీద గిన్ని బొగ్గులు బెట్టి కూసోబెడుత. నీకెరికేనా వాడు?"

కొమురవ్వ పులుసు గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. అబద్ధం ఆడటానికి రాయమల్లుకు నోరు రాలేదు.

"నేనేరా తమ్మీ," అన్నాడు. "లీగు గెలిస్తే నిన్ను మళ్ళ నా జోడీకిస్తమన్నరు. అందుకని నేర్పిన."

ముత్యం ముద్ద కంచంలోనే పెట్టాడు. మెల్లగా, మనిషంతా తిరిగి, రాయమల్లు మొహంలోకి చూశాడు.

"రమ్మని కబురంపితే, నౌకరి ఇడిసిపెట్టన్న వస్తుంటి గదనే అన్నా," అన్నాడు. "దానికి లీగెందుకు గెలిపిచ్చినవే?"